రాయి మీద వేడినీళ్ళు: ఒక పాలీటాక్సిన్ కేసు

నేను ఇళ్ళల్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంకులు, అంటే చేపలతో పాటు కోరల్స్ (పగడాలు) పెంచే అక్వేరియాలు, చూసుకునే పని చేస్తాను, పన్నెండేళ్ళు దాటింది. పాలీటాక్సిన్ అనేది ఆ ట్యాంకుల్లో పెంచే కొన్ని జీవుల ఒంట్లో ఉండే విషం. ఈ కేసులో మనుషుల వివరాలు, ట్యాంక్ వివరాలు కొన్ని మార్చేశా, జరిగిన వరస మాత్రం జరిగినట్టే రాస్తున్నా. ఇందులో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవి దాచేస్తే ఇది రాయడం దండగ.

ముందు సంగతి

క్లయింట్‌కి నలభై ఏళ్ళుంటాయి. దాదాపు 400 లీటర్ల ట్యాంక్, వేరేవాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో రాళ్ళతో సహా కొన్నాడు. ట్యాంక్ హాల్లోనే. ఇంట్లో ఆయన, భార్య, వాళ్ళమ్మ గారు, ఎనిమిదేళ్ళ బాబు. ఆ రాళ్ళతో పాటే గోధుమరంగు బటన్ పాలిప్స్ (రాయికి అతుక్కుని చిన్న పువ్వుల్లా ఉండే జీవులు) కూడా వచ్చాయి, మొదట్లో ఓ పది ఉన్నాయట, ఏడాది తిరిగేసరికి రెండు పెద్ద రాళ్ళ మీదికి పాకాయి. ఈయన డబ్బు పెట్టి కొనుక్కున్న మంచి కోరల్స్ మీదికి ఎక్కేస్తున్నాయి. ఇవి జోవాంథిడ్స్ అనే గుంపు, మనవాళ్ళు జోవాలు, పాలీలు అని పిలిచేవే. చూడ్డానికి అందంగా ఉంటాయి, చావవు, కొత్తవాళ్ళు మొదట కొనేవి కూడా ఇవే.

ఆయన నన్ను పిలిచింది మాత్రం వీటి గురించి కాదు.

ఫోన్‌లో చెప్పిన సమస్య

"సార్, కోరల్స్ ఒక్కటీ తెరుచుకోవట్లేదు, నీళ్ళు తెల్లగా అయిపోయాయి, చేపలు పైకొచ్చి గాలి మింగుతున్నాయి, కాస్త తొందరగా రండి." ఇంతే. గొంతు బొంగురుగా ఉంది, మధ్యలో రెండు సార్లు దగ్గాడు. ఒంట్లో బాలేదా అంటే "వైరల్ సార్, రాత్రి నుంచి ఇంట్లో అందరికీ జ్వరం" అన్నాడు. నేను సరే జాగ్రత్త అనేసి పెట్టేశా. వైరల్ ఫీవర్ అంటే ఎవరైనా అంతకంటే ఏం అడుగుతారు చెప్పండి.

వెళ్ళాక అలవాటు ప్రకారం నేరుగా ట్యాంక్ దగ్గరికే పోయా. శాలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు, 1.025, బాగానే ఉంది. టెంపరేచర్ బాగానే ఉంది. అమ్మోనియా 0.5 పీపీఎం, ఏడాదిగా నడుస్తున్న ట్యాంక్‌లో అది సున్నా ఉండాలి. ఏదో చచ్చి కుళ్ళుతోంది అన్నమాట. చూస్తే ఒక పెద్ద రాయి మీద పాలిప్స్ చాలావరకు బూడిదరంగులో జారిపోయి, చిన్న చిన్న తోలుముక్కల్లా వేలాడుతున్నాయి. ఏమైంది దీనికి అంటే అప్పుడు చెప్పాడు. ముందురోజు సాయంత్రం ఆ రాయి బయటికి తీసి, పాత టూత్‌బ్రష్‌తో సింక్‌లో గీకాడు, సరిగ్గా ఊడలేదని స్టవ్ మీద రెండు గిన్నెల నీళ్ళు మరగబెట్టి రాయి మీద పోశాడు. ఆవిరి బాగా వచ్చిందట. చచ్చాయిలే అనుకుని రాయి మళ్ళీ ట్యాంక్‌లో పెట్టేశాడు.

ఇక్కడ నా బుర్ర ఏం చేసిందంటే, చచ్చిన కండ, దాని వల్ల అమ్మోనియా, దాని వల్ల కోరల్స్ మూసుకోవడం, చేపలు రొప్పడం, లెక్క సరిపోయింది అని సంబరపడిపోయింది. ట్యాంక్ వరకు ఆ లెక్క కరెక్టే, అందులో తప్పేం లేదు. కానీ హాల్లో సోఫా మీద దుప్పటి కప్పుకుని వణుకుతున్న వాళ్ళమ్మ గారిని అమ్మోనియా టెస్ట్ కిట్ చూపించదు కదా. ఆవిడ పక్కనుంచి రెండు సార్లు నడిచి వెళ్ళి నీళ్ళు మార్చడానికి బకెట్లు సర్దుకున్నా నేను.

పైగా ఇంకో ఘనకార్యం చేశా. సింక్ పక్కన ఒక మగ్గులో ఆ టూత్‌బ్రష్ ఉంది, కుచ్చుల మధ్య గోధుమరంగు జిగురు సగం ఎండి అట్టకట్టి ఉంది. దాంతో పంప్ మూత తోముదామని తీసుకుని, చేతికి గ్లవ్స్ లేకుండా, వేడినీళ్ళ కుళాయి కింద పెట్టి బొటనవేలితో కుచ్చులు విదిలించా. అర నిమిషం పని. ఇరవై నిమిషాల తర్వాత నోట్లో ఇనుప చెంచా పెట్టుకున్నట్టు రుచి, నాలుక చివర చిమచిమ. అప్పుడు ఆగా.

లెక్క ఎలా మారింది

నోట్లో లోహపు రుచి అనేది పాలీటాక్సిన్ కేసుల్లో మళ్ళీ మళ్ళీ వినపడే మాట. గ్లవ్స్ తొడుక్కోవడం రోజూ చేసే పనే గానీ, ఆ విషం గురించి చదివి ఉండటం వేరు, మన నోట్లోకే రావడం వేరు. బ్రష్ కింద పెట్టేసి ఆయన్ని వరసగా అడిగా. జ్వరం ఎప్పుడు మొదలైంది? రాత్రి తొమ్మిదిన్నర, పది. రాయి ఎన్నింటికి కడిగారు? ఆరుకి. ముందు ఎవరికి వచ్చింది? ఆయనకే, తర్వాత గంట తేడాలో అమ్మకి, భార్యకి. చలి, వణుకు, పొడిదగ్గు, ఛాతీ బిగుసుకుపోవడం, తొడలు పిక్కలు నొప్పులు, ఆయనకి గుండె దడ కూడా. బాబు? బాబుకి ఏం లేదు, సాయంత్రం నుంచి పైగదిలోనే ఉన్నాడు, పడుకుంది కూడా అక్కడే.

వైరల్ అయితే ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడానికి ఒకట్రెండు రోజులైనా పడుతుంది, ముగ్గురికీ ఒకే రాత్రి గంట తేడాలో రాదు, వచ్చినా ఇంట్లో పిల్లాడినే వదిలిపెట్టదు. స్టవ్ మీద చాలాసేపు నీళ్ళు మరిగాయి కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ ఏమో అని కూడా అనుకున్నా, కానీ దానికి తలనొప్పి, మత్తు, వాంతులు ఉంటాయి, జ్వరం, వణుకు, దగ్గు సాధారణంగా ఉండవు. ఇక మిగిలింది ఆ రాయి, ఆ ఆవిరి, కింద ఫ్లోర్‌లో ఉన్న ముగ్గురు మనుషులు.

ఈ విషం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయం దీన్నిబట్టే. పాలీటాక్సిన్‌ని మొదట వేరుచేసింది హవాయిలో దొరికిన పాలిథోవా టాక్సికా అనే జీవి నుంచి, 1971లో. అక్కడి మౌయి ద్వీపంలో హానా దగ్గర ఒక రాతి మడుగులో ఇది పెరిగేది, అక్కడి పాతవాళ్ళు దాన్ని ప్రాణం తీసే నాచు అని పిలిచి, ఈటె మొనలకి రాసేవాళ్ళని చెప్పుకుంటారు. మన కణాల్లో సోడియం బయటికి, పొటాషియం లోపలికి తోసే పంపు ఒకటి ఉంటుంది, ఈ విషం వెళ్ళి దానికి అతుక్కుంటే ఆ పంపు కాస్తా తలుపు తెరిచిన గేటు అయిపోతుంది, సోడియం లోపలికి పొటాషియం బయటికి కారిపోతాయి. కండరాల నొప్పులు, గుండె దడ అందుకే. విరుగుడు మందు లేదు. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, మరిగించినా ఇది చావదు. మరిగే నీళ్ళు పాలిప్‌ని చంపుతాయి గానీ విషాన్ని కాదు, పైగా ఆవిరితో లేచే సన్నటి తుంపర్లతో దాన్ని గదంతా పంచిపెడతాయి. 2007లో అమెరికాలో ఒకాయన సరిగ్గా ఇదే పని చేసి ఆస్పత్రి పాలయ్యాడు. 2018లో ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ట్యాంక్ శుభ్రం చేసుకున్న ఒక కుటుంబం, సాయానికి వచ్చిన ఫైర్ సిబ్బందితో కలిపి పది మంది ఆస్పత్రికి వెళ్ళారు. అంటే ఇది ఎక్కడో అరుదుగా జరిగే వింతేం కాదు, తెలియక చేసే మామూలు పని వల్ల జరిగేదే.

మొదట మనుషులు

కిటికీలు తలుపులు తెరిచి అందరినీ బయటికి పంపించా, నేనూ వచ్చేశా. చేపలు రొప్పుతున్నా సరే ట్యాంక్‌ని అలాగే వదిలేశాం. అది కష్టమైన నిర్ణయమే, ఆయన రెండు సార్లు "కనీసం నీళ్ళైనా మార్చండి సార్" అని బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు, నీళ్ళు మార్చాలంటే మళ్ళీ ఆ గదిలో గంట ఉండాలి, నీటి మట్టం తగ్గితే రాళ్ళు గాలికి బయటపడతాయి. ఎయిర్ పంప్ ఒకటి పెట్టి వచ్చేశాం, అంతే.

ఆస్పత్రికి నేనూ వెళ్ళా. డ్యూటీ డాక్టర్ గారికి ఈ పేరు ఎప్పుడూ తగిలి ఉండదు, అది ఆవిడ తప్పు కాదు, మామూలు ల్యాబ్‌లో దీనికి టెస్ట్ ఉండదు, మనం చెప్పే హిస్టరీయే ఆధారం. అందుకే కాగితం మీద పాలీటాక్సిన్, ఆవిరి పీల్చారు, ఎన్నింటికి, ఎంతసేపు, లక్షణాలు ఎప్పుడు అని రాసిచ్చా. ఆవిడ ఈసీజీ తీయించి, పొటాషియం, కండరాలు దెబ్బతింటే పెరిగే సీకే చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు. వాళ్ళమ్మ గారికి ఆక్సిజన్ తగ్గింది, రెండు రాత్రులు ఉంచారు, ఆక్సిజన్, నెబ్యులైజర్. మిగతా ఇద్దరినీ ఒక రాత్రి ఉంచి పంపారు. నన్ను ఆరు గంటలు కూర్చోబెట్టి చూశారు, నోటి రుచి రాత్రికి పోయింది, బొటనవేలు మర్నాటి దాకా తిమ్మిరిగా ఉంది. వేలికి చిన్న గాయమేదైనా ఉండి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇల్లు, సింక్

మర్నాడు వెళ్ళేటప్పుడు రెండు జతల నైట్రైల్ గ్లవ్స్ ఒకదాని మీద ఒకటి, కంటికి నాలుగు వైపులా మూసుకునే గాగుల్స్, దాని మీద ఫేస్ షీల్డ్, పీ100 ఫిల్టర్లున్న (సన్నటి తుంపర్లని ఆపే) రెస్పిరేటర్ మాస్క్, పొడుగు చేతుల పాత చొక్కా వేసుకెళ్ళా. కళ్ళజోడు ఉంటే చాలు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, చాలదు, ఈ జిగురు కంట్లో పడితే కార్నియా పుండు పడి చూపుకే ఎసరొచ్చిన కేసులున్నాయి.

సింక్‌ని పొడిగా తుడవలేదు, గీకలేదు, వేడినీళ్ళు అసలే వాడలేదు. 5-6 శాతం ఉండే ఇంటి బ్లీచ్ ఒక పాలు, చల్లటి నీళ్ళు పది పాళ్ళు. బ్లీచ్‌లో పనిచేసే పదార్థం హైపోక్లోరైట్, అది 0.1 శాతం అంతకు మించి ఉంటే ఈ విషం విరిగిపోతుంది, ఒకటికి పది అంటే దానికి ఐదింతలు దాకా ఉంటుంది కాబట్టి ధీమా. గుడ్డలు అందులో ముంచి పరిచి అరగంట వదిలేసి తర్వాత తీశా. బ్రష్, మగ్గు, ఆయన వాడిన తువ్వాలు అన్నీ అదే నీళ్ళలో నానబెట్టి కవర్లో మూటకట్టి పారేశాం.

ఒక ప్రమాదం త్రుటిలో తప్పింది. సింక్ కింద వెనిగర్ బకెట్ ఉంది, పంపుల మీద తెల్లటి సున్నం పొర పోవడానికి ఆయన అందులో నానబెడతాడు. ఖాళీ బకెట్ అనుకుని నేను బ్లీచ్ పోయబోయి వాసనకి ఆగా. బ్లీచ్‌లో ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఒక విషం వదిలించుకోబోయి ఇంకోటి తెచ్చుకునేవాళ్ళం. అప్పటినుంచి నా బ్లీచ్ బకెట్ ఎర్రది, నా కారులోనే వస్తుంది.

రాళ్ళు: ఫెయిలైనవి

మొత్తం రెండు రాళ్ళు. ఒకటి వేడినీళ్ళు పోసిన విడి రాయి, సగం కుళ్ళి సగం బతికి ఉంది. రెండోది అడుగున ఉన్న బేస్ రాక్, దాని మీద ఓ ముప్ఫై పాలిప్స్, అదే రాయికి వేరే కోరల్స్ కూడా అతుక్కుని పెరిగి ఉన్నాయి.

ఇవి నిజంగా విషం ఉన్న రకమేనా అని మొదట చూశా. బతికున్న పాలిప్ మొదట్లో కండలో ఇసుక రేణువులు కూరుకుని, ముట్టుకుంటే గరుకుగా కనిపిస్తోంది, పాలిథోవా అలా ఇసుకని ఒంట్లోకి తీసుకుంటుంది, ఇదే గుంపులో ఇంకో రకమైన జోవాంథస్ తీసుకోదు. అది ఒక గుర్తు మాత్రమే. పాలిథోవాల్లోనే కొన్నిట్లో విషం విపరీతంగా, కొన్నిట్లో దాదాపు లేనట్టుగా ఉంటుంది, రంగు చూసి, షాపులో పెట్టిన పేరు చూసి చెప్పడం కుదరదు. ఈ ఇంట్లో మాత్రం నలుగురి ఒళ్ళు చెప్పేసింది కాబట్టి వాదన లేదు.

విడి రాయిని నీళ్ళలోనే జిప్ కవర్లో పెట్టి పైకి తీద్దామనుకున్నా. ఆలోచన మంచిదే, కవర్ మంచిది కాదు. రాయి అంచు కోసుకుని అడుగు చిరిగింది, నీళ్ళు నేల మీద కారాయి, కంగారులో చేత్తో అదిమి పట్టుకునేసరికి ఒక పాలిప్ ముడుచుకుంటూ చిమ్మింది, ఫేస్ షీల్డ్ మీద సరిగ్గా ఎడమ కంటి ఎదురుగా ఒక చుక్క, గోధుమరంగులో మెల్లగా కిందికి జారింది. షీల్డ్ లేకుండా వంగి చూసే అలవాటు నాకు పన్నెండేళ్ళది. రాయి మళ్ళీ నీళ్ళలోకి దించేసి, నేల బ్లీచ్ గుడ్డతో తుడిచి, గట్టి ప్లాస్టిక్ డబ్బా తెచ్చా. డబ్బాని ట్యాంక్‌లోకి ముంచి, రాయిని నీళ్ళ కిందే అందులోకి జరిపి, అక్కడే మూత పెట్టి తీశా. రాయి గాలి చూడలేదు. ఇప్పుడు ఎప్పుడైనా ఇంతే చేస్తా.

బయట ఆరుబయట ఎర్ర బకెట్‌లో నానబెట్టా, గాలి నా వీపు వైపు నుంచి వీచేలా నిలబడి. గంటకి చూస్తే బ్లీచ్ వాసనే లేదు. కుళ్ళిన కండ బ్లీచ్‌ని మింగేస్తుంది, ఒక్కసారి పోసి వదిలేస్తే పని అయిపోయిందని మోసపోతాం. కొత్తది కలిపి రాత్రంతా ఉంచా, తెల్లారి వాసన ఇంకా ఉంది, అప్పుడు నమ్మా.

బేస్ రాక్ దగ్గర ఎక్కువ తప్పటడుగులు వేశా. దాన్ని తీస్తే దాని మీదున్న మంచి కోరల్స్ పోతాయని ఆయన బాధ, నేనూ మెత్తబడ్డా. ట్యాంక్‌లోనే చంపుదాం అని కాల్క్ పేస్ట్ పట్టుకున్నాం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్‌ని చిక్కగా కలిపి, పంపులు ఆపేసి, సిరంజితో పాలిప్ మీద పెట్టడం. ఒక్కసారికి ఐదారు మాత్రమే, అన్నీ ఒకేసారి చస్తే ఆ కండంతా, విషమంతా నీళ్ళలోకే కదా. సంప్‌లో, అంటే ట్యాంక్ నీళ్ళు వడకట్టే తొట్టెలో, విషాన్ని పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి మూడు రోజులకోసారి మార్చాం, తీసిన కార్బన్ కూడా గ్లవ్స్‌తోనే కవర్లోకి. పదిరోజులకి లెక్కేస్తే చచ్చినవి పన్నెండు, పక్కల్లో కొత్తగా మొలిచినవి తొమ్మిది. తర్వాత జెల్ గ్లూ, దాని మీద ఎపాక్సీ పుట్టీతో కప్పేశాం. వారానికి పుట్టీ అంచు కిందనుంచి ఒక చిన్న గోధుమరంగు తల బయటికి చూస్తోంది. ఆయన ఫోటో పంపి కింద నవ్వు బొమ్మ పెట్టాడు, నాకు నవ్వు రాలేదు.

రాయి మూల పగలగొట్టి తీసేద్దామా అన్నాడు. ఉలి, రంపం, డ్రిల్ ఏదైనా మళ్ళీ తుంపర్లే, అందుకు ఒప్పుకోలేదు.

పనిచేసింది

మొదటిరోజే చేయాల్సింది మూడో వారంలో చేశాం. బేస్ రాక్ మీదున్న మంచి కోరల్స్‌ని నీళ్ళ కిందే బోన్ కట్టర్‌తో, పాలిప్స్‌కి దూరంగా ఉన్నచోటే కత్తిరించి వేరే రాళ్ళకి అతికించాం, మరీ దగ్గరగా ఉన్న రెండింటిని వదిలేసుకున్నాం. తర్వాత బేస్ రాక్‌ని పెద్ద టబ్‌లో అదే పద్ధతిలో మూతతో బయటికి, రెండు సార్లు బ్లీచ్, తర్వాత పారేయడమే. బ్లీచ్ చేసిన రాయిని థయోసల్ఫేట్‌తో క్లోరిన్ పోగొట్టి మళ్ళీ వాడుకోవచ్చు, నేను వద్దన్నా, ఆ ఇంట్లో వాళ్ళు ఆ రాయి వంక చూసే చూపు బాలేదు. పావు వంతు నీళ్ళు మార్చి కొత్త కార్బన్ పెట్టాం. ఆ మూడు వారాల్లో ఒక క్లీనర్ రొయ్య, రెండు నత్తలు పోయాయి, అది మొదటి అమ్మోనియా వల్లో విషం వల్లో విడదీసి చెప్పలేను. చేపలన్నీ బతికాయి.

ఇప్పుడు నా పద్ధతిలో మారినవి

ఫోన్‌లోనే అడుగుతున్నా, నిన్నటి నుంచి ఏ రాయైనా బయటికి తీశారా, గీకారా, వేడినీళ్ళు పోశారా, ఇంట్లో అందరూ బాగున్నారా. టెస్ట్ కిట్ తర్వాత. ఎవరైనా బాలేదు అంటే ఎప్పుడు, ఎవరెవరికి, ఎవరికి రాలేదు అని. ఈ కేసులో నాకు తలుపు తెరిచింది జ్వరం వచ్చిన ముగ్గురు కాదు, జ్వరం రాని పిల్లాడు.

రాయి ఎవరిదైనా, పాలిప్ ఏ రంగైనా గ్లవ్స్, గాగుల్స్ తీయను. సెకండ్ హ్యాండ్ ట్యాంక్ కొనేవాళ్ళకి ముందు రాళ్ళు చూపించమంటా. పది పాలిప్స్ ఉన్నప్పుడు రాయి మార్చడం గంట పని, రాళ్ళ మీదికి పాకాక ఏమైందో పైన రాశా. ఇక "ట్యాంక్‌లోనే మెల్లగా చంపుదాం" అనే మాటకి అంత తేలిగ్గా తలూపను, తీయగలిగే రాయి ఉంటే తీసేయడమే, దాని మీద ఎంత ఖరీదైన కోరల్ ఉన్నా.

ఆరు వారాలకి చివరిసారి చూడ్డానికి వెళ్ళా. వాళ్ళమ్మ గారి దగ్గు తగ్గడానికి రెండు వారాలు పట్టిందట. ట్యాంక్ బాగుంది. ఒక మూల ఇసుక మీద విడిగా పెట్టిన చిన్న రాయి మీద ఆకుపచ్చ జోవాలు ఆరు ఉన్నాయి, ఆయన వదులుకోలేకపోయాడు. ఆవిడ హాల్ గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా, "ఇవి కూడా అవేనా బాబూ?" అని అడిగారు. కండలో ఇసుక లేదు, అవి కాకపోవచ్చు అన్నా. "కాకపోవచ్చు అంటే?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ రాయి డబ్బాలో పెట్టుకుని వచ్చేశా.